పెళ్ళికాని దొర తద్దినం

రంగూన్ వెళ్ళొచ్చానంటే మా విశాఖపట్నంలో ఎవరూ ఆశ్చర్యపోరు. రేవు పనికో, బియ్యపు మిల్లుకో మా జిల్లా జనం వేలకొద్దీ పోతూనే ఉంటారు. నేను వెళ్ళిన పని మాత్రం వేరు. ఒక ఇంగ్లీషు దొరకి పెళ్ళి అయిందా కాలేదా అన్నది తేల్చుకు రావాలి. ఆ దొర పోయి యాభై ఏళ్ళు కావస్తోంది. బడికి సెలవు పెట్టి సముద్రం దాటుతున్నానని చెబితే మా ఆవిడ, "చచ్చినవాడికి ఇప్పుడు పెళ్ళయితే ఎంత, కాకపోతే ఎంత?" అంది. నేను పెట్టె సర్దుకున్నాను.

పంపించింది మిస్ వెదర్లీ. వాల్తేరు మిట్ట మీద ఉంటుంది, డెబ్భై దాటింది, వారానికి రెండు రోజులు నా దగ్గర తెలుగు చదువుకుంటుంది. ఆమె ముందు గదిలో గోడ నిండా ఒక గుడ్డ పటం వేలాడుతుంది. వాళ్ళ వంశవృక్షం. ఇంగ్లండు పడమటి వైపు వాళ్ళు తరతరాలుగా భూస్వాములట. వాళ్ళ పద్ధతి చిత్రంగా ఉంటుంది. ఇల్లూ భూమీ పెద్దకొడుక్కే. రెండోవాడికి సైన్యం, మూడోవాడికి చర్చి, ఆ తర్వాత పుట్టినవాళ్ళకి ఓడ టికెట్టు. ఇలాంటి కుటుంబాల వంశావళులన్నీ పోగేసి అచ్చువేసే పెద్ద పుస్తకాలు వాళ్ళకి ఉన్నాయి. తమ శాఖ సంగతి ఆ పుస్తకానికి సరిగ్గా రాసి పంపాలని ఈమె ఏళ్ళ తరబడి చర్చి రిజిస్టర్ల కోసం, వీలునామాల కోసం, సమాధి రాళ్ళ కోసం ఉత్తరాల మీద ఉత్తరాలు రాయించి కూర్చింది. ఒక్క గీత దగ్గర ఆగిపోయింది. వాళ్ళ నాన్న ఆఖరి తమ్ముడు ఎడ్మండ్ పేరు కింద "రంగూన్‌లో మృతి, అవివాహితుడు" అని ఉంది. అప్పట్లో అక్కడి పాదిరీ పంపిన కబురే దానికి ఆధారం. కానీ ఈమె పడుచుతనంలో నాయనమ్మ మంచం మీద పడి, "ఎడ్మండ్ పాప ఎలా ఉందో" అని అడుగుతూ ఉండేదట. అడిగినప్పుడల్లా ఇంట్లోవాళ్ళు మాట మార్చేవారట.

"మాస్టరు గారూ, లేని వివాహము వ్రాయను, ఉన్న వివాహము దాచను" అంది ఆవిడ, నేను నేర్పిన గ్రాంథికంలో. పుస్తకం వాళ్ళు ఇంకెంతో కాలం ఆగరు, తనకి ఓడ ఎక్కే ఓపిక లేదు. భార్య ఉన్నట్టు తేలితే పేరు ఒక్కటే చాలదనీ, ఎవరి కూతురో, ఏ ఊరో కూడా కావాలనీ, అవి లేకపోతే వాళ్ళ పటంలో ఏ ఆడమనిషికీ చోటు ఉండదనీ ఒకటికి రెండుసార్లు చెప్పింది.

కార్తీకమాసంలో బయల్దేరాను. డెక్కు టికెట్టు పద్నాలుగు రూపాయలు. విశాఖలో స్టీమరు ఒడ్డుకి రాదు, నడిసముద్రంలో నిలబడుతుంది. మసూలా అనే కుట్టు పడవల్లో తడుస్తూ పోయి నిచ్చెన పట్టుకుని ఎక్కాలి. దారిలో భీమునిపట్నం, కళింగపట్నం, బారువ దగ్గర జనాన్ని ఎక్కించుకుంటూ నాలుగు రోజులకి రంగూన్ చేరుస్తుంది. తిండి ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలి. మా ఆవిడ కోపంలోనే చేసిచ్చిన మినపసున్ని మొదటి రెండు రోజులూ నాకు పనికిరాలేదు, ఏం తిన్నా సముద్రానికే పోయింది. టీకా వేయించుకున్న చీటీ మాత్రం జాగ్రత్తగా దాచుకోండి. అది లేనివాళ్ళని దిగగానే ఒక పక్కన ఎండలో కూర్చోబెడతారు.

రేవు బయట అడుగు పెడితే పరాయి దేశం అనిపించలేదు. బస్తాలు మోసేవాళ్ళూ, రిక్షాలు లాగేవాళ్ళూ అందరూ మనవాళ్ళే. "ఏవూరు బాబూ మనది? మాది సోంపేట కాడ. ఎక్కండి, రంగంలో ఎక్కడికైనా ఎల్దుం" అంటూ ఒకతను నా పెట్టె తీసి రిక్షాలో పెట్టేశాడు. రంగూన్‌ని మా వైపు వాళ్ళు రంగం అంటారు. నాలుగణాలకి సుబ్బరాయ శెట్టిగారి కొట్టు దగ్గర దింపాడు. శెట్టిగారిది కాకినాడ, తాతల నాటి నుంచి ఇక్కడ పప్పుల వ్యాపారం. కొట్టు మేడ మీద తెలుగు బాటసారులకి గది ఇస్తారు, ఉల్లిపాయ లేని భోజనం కూడా దొరుకుతుంది.

మొదటి రెండు రోజులూ వృథా అయ్యాయి. మిస్ వెదర్లీ చెప్పిన పద్ధతి ప్రకారం ముందు చర్చికి వెళ్ళాను. ఖననం రాసి ఉంది కాని వివాహం లేదు, బాప్టిజం లేదు. తర్వాత ఇంటిపేరు పట్టుకుని ఊరంతా తిరిగాను. రైల్వేలో వెదర్లీ ఒకాయన ఉన్నాడంటే ట్రాములో అణా పెట్టి అంత దూరం పోయాను. ఆయన నల్లగా, నాకంటే ఒక చాయ తక్కువలో, ఎంతో మర్యాదగా టీ ఇచ్చి, తమ తాతది ఇంగ్లండులో వేరే జిల్లా అనీ, భూములెక్కడో ఉన్నాయంటే తనకీ ఒక వాటా చూడమనీ నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. మిస్ వెదర్లీకి ఏం మొహం పెట్టుకుని చెప్పాలా అని దిగులు పట్టుకుంది.

మూడో రోజు పొద్దున్నే, కనీసం సమాధి రాయి మీద రాత అయినా ఎత్తి రాసుకుందామని, ఊరికి ఉత్తరాన ఉన్న తెల్లవాళ్ళ పాత సమాధుల తోటకి వెళ్ళాను. తోటమాలి గవరయ్యది టెక్కలి. నాచు పట్టిన రాళ్ళ మధ్య నుంచి తీసుకెళ్ళి చూపించాడు. చుట్టూ ఉన్నవన్నీ గడ్డిలో కూరుకుపోయి ఉంటే, ఎడ్మండ్ వెదర్లీ రాయి ఒక్కటీ కడిగినట్టుగా ఉంది.

"దీన్ని నువ్వే బాగు చేస్తావా?" అని అడిగాను.

"నానెందుకు సేత్తాను బాబూ? ఈ దొరకి మనోళ్ళు వొస్తారు, ఏడాదికో పాలి. అన్నం, కూరా అన్నీ ఒండుకొస్తారు. నాకూ ఓ ఇస్తరాకు ఏస్తారు."

"మనవాళ్ళా? ఏ రోజున వస్తారు?"

"అదే నాకు తెలవదు. ఓ ఏడు నెల మొదట్లో, ఓ ఏడు నెలాకరికి. తెల్లోళ్ళయితే తేదీ సూసుకుని పూలట్టుకొస్తారు. ఈళ్ళకి తేదీ లేదు."

తేదీ లేకుండా ఏడాదికి ఒకసారి వంట చేసుకుని వచ్చేది దేనికో తెలుగువాడికి ఎవరూ చెప్పక్కర్లేదు. ఎవరో ఈ దొరకి తద్దినం పెడుతున్నారు. పెట్టేవాళ్ళు ఉన్నారంటే పిల్లలు ఉన్నట్టే.

రాతి మీది తేదీ రాసుకుని కొట్టుకి పరుగెత్తాను. శెట్టిగారి తాత కొట్టు పెట్టిన నాటి నుంచీ ప్రతి ఏడాది పంచాంగమూ పారేయకుండా మూటకట్టి అటక మీద ఉంచారు. పొద్దున్న పూట బేరాలు వదులుకుని ఆయన కూడా నాతో పాటు దుమ్ములో కూర్చున్నారు. ఆ ఏటి పంచాంగం దొరికింది. దొర పోయింది కార్తీక బహుళ పంచమి నాడు. ఈ ఏడు ఆ పంచమి ఎల్లుండే. నా స్టీమరు కూడా ఎల్లుండే.

"స్టీమరు వచ్చేవారం ఇంకోటి ఉంటుంది. పంచమి మళ్ళీ ఏడాదికి గాని రాదు" అన్నారు శెట్టిగారు. నేనూ అదే అనుకున్నాను. టికెట్టు మార్పించుకుని, బడికి తంతి ఇచ్చి ఉండిపోయాను.

పంచమి నాడు ఎండెక్కకముందే సమాధుల తోట గేటు దగ్గర నిలబడ్డాను. ఏడు దాటాక ఒక గుర్రబ్బండి వచ్చింది. యాభై దాటిన ఒకావిడ, ముప్పై ఏళ్ళ మగమనిషి, రెండు గిన్నెలు, ఒక నీళ్ళ చెంబు దిగాయి. ఆవిడ నేతచీర ఎడమ భుజం మీదుగా దోపుకుని, ముక్కుకి రెండు వైపులా పుడకలతో అచ్చం మా భీమిలి మనిషిలా ఉంది, ఆ పిల్లికళ్ళు తప్ప. రాయి కడిగి, ముందు ఇస్తరాకు పరిచి, అన్నం పెట్టి, దాని మీద చేపల పులుసు పోశారు. పక్కన నాలుగు బిస్కత్తులు, ఒక చుట్ట, మూత తీసిన చిన్న బ్రాందీ సీసా. పోయినవాళ్ళకి ఏది ఇష్టమో అది పెట్టడం వాళ్ళ ఆచారం. మా నాన్నగారి తద్దినానికి వచ్చే భోక్త ఈ విస్తరి చూస్తే ఏమయిపోయేవాడో అనుకుని నవ్వు ఆపుకున్నాను. మగమనిషి దక్షిణానికి తిరిగి నీళ్ళు వదిలాడు. అంతా అయ్యాకే దగ్గరికి వెళ్ళాను.

"ఎవులు బాబూ మీరు?" అంది ఆవిడ.

"విశాఖపట్నం నుంచి వచ్చానమ్మా, బడిపంతుల్ని. ఈ దొరగారి అన్నకూతురు పంపించింది."

ఆవిడ చెంబు కింద పెట్టేసింది. "మా అయ్యకి మనుసులున్నారా?"

ఉన్నారనీ, దొర తల్లి చచ్చిపోయేముందు పాప ఎలా ఉందని అడుగుతూ ఉండేదనీ చెప్పాను. "ఆ పాప నానే" అని రాయి పక్కనే కూలబడి ఏడ్చింది. ఆవిడ పేరు పైడమ్మ. తండ్రి పోయేనాటికి నాలుగేళ్ళ పిల్ల. నీళ్ళు వదిలినవాడు కొడుకు అప్పలస్వామి, రేవులో సరుకు లెక్కలు రాస్తాడు. నా కళ్ళు కూడా చెమర్చాయి, దాచుకోవడానికి గవరయ్య విస్తరి వైపు చూస్తూ నిలబడ్డాను. అతను అప్పటికే చేపముక్క మీద ఉన్నాడు.

వాళ్ళ ఇల్లు బోటాటౌంగ్‌లో, గిడ్డంగుల వెనక వరస గదుల్లో. అప్పలస్వామి నాకు అరటిపళ్ళు, టీ తెప్పించాడు. నేను సంచిలో ఉన్న పటం నకలు తీసి నేల మీద పరిచి, తండ్రి పేరు ఎక్కడుందో చూపించాను. కింద ఏం రాసుందని పైడమ్మ అడిగింది. దాచడం ధర్మం కాదనిపించి చదివి చెప్పాను.

ఆవిడ ముఖం గట్టిపడిపోయింది. "పెళ్ళి అవలేదని రాసీసినారా? మరి మా అమ్మ ఏటి బాబూ? నానేటి? ఇక్కడ కుళాయి కాడ తగువొస్తే సాలు, దొర ఉంచుకున్నదాని కూతురివి అంటారు. పుట్టి బుద్దెరిగిన కాణ్ణించీ ఇంటున్నాను ఆ మాట. సముద్రం అవతల కూడా అదే రాసీసినారా?"

"నిజమేమిటో చెప్పండమ్మా, మార్పిస్తాను" అన్నాను.

తల్లి పేరు సూరమ్మ. భీమిలి గురయ్య కూతురు. మేస్త్రీ అన్నతో కలిసి మిల్లుకి పనికొచ్చింది. ఎడ్మండ్ ఆ మిల్లు మేనేజరు. అన్నే తన ఇంటి ముందు పందిరి వేసి, పెద్దల ఎదుట దొర చేత పుస్తె కట్టించాడు. చర్చికి ఈ సంగతి తెలియదు, చెప్పినా ఒప్పుకునేది కాదు. ఎవరి కూతురో, ఏ ఊరో నాకు దొరికాయి. ఆ పెళ్ళి చూసిన సాక్షి కావాలి.

"సన్నాసి మావ ఒక్కడే మిగిలినాడమ్మా" అన్నాడు అప్పలస్వామి మెల్లిగా.

"ఆడా? ఉంచుకున్నాడన్న మాట మొదట అన్నోడే ఆడు!" అంది పైడమ్మ. కొంగు బిగించి, "పదండి" అని లేచింది.

సన్యాసి సొంత మేనమామ కాదు, సూరమ్మతో పాటు మిల్లులో పనిచేసిన కులంవాడు. ఉండేది పజుండౌంగ్ కాలువ అవతల తాకేటాలో. సాంపాన్ పడవకి మనిషికి అణా. నడిపే బర్మా ముసలమ్మ మా పైడమ్మని "డా పైడి" అని, అంటే పైడమ్మగారూ అని పలకరించి, నేనెవరని బర్మా భాషలో అడిగింది. పైడమ్మ ఏం చెప్పిందో గాని నాకు అణా తీసుకోలేదు. అవతలి ఒడ్డున వరి మళ్ళ గట్టు మీద కాస్త నడిస్తే తాటాకు ఇళ్ళు వస్తాయి. వానాకాలంలో ఈ దారికి వెళ్ళకండి, మోకాలు లోతు బురద ఉంటుందట.

సన్యాసికి ఎనభై దగ్గర పడుతున్నాయి. అరుగు మీద చుట్ట కాలుస్తున్నాడు. వచ్చిన పని చెప్పాను.

"సచ్చిపోయినోళ్ళ సంగతి ఇప్పుడేటికి పంతులుగారూ? నానేటీ ఎరగను" అని మొహం తిప్పుకున్నాడు.

నేను ఇంకోలా అడగబోతే పైడమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. "మావా, మా అయ్య సచ్చిపోయిన పదో రోజున మా అమ్మని ఏటి ఒడ్డుకి ఎవులు తీసుకెల్లినారు?"

"మేమే. కులపోళ్ళం అందరం."

"గాజులు ఎవులు పగలగొట్టినారు?"

"మా అమ్మ."

"పుస్తి ఎవులు తీసినారు?"

"మా అమ్మే."

"కట్టని పుస్తి ఎలగ తీసినారు మావా?"

ముసలాయన చుట్ట ఆరిపోయింది. మళ్ళీ వెలిగించుకోలేదు. నా వైపు కాదు, పైడమ్మ వైపే చూస్తూ అన్నాడు. "కట్టినాడమ్మా. పందిరి రాటలు పాతింది నానే. దొరకి కింద కూకోడం రాక పీట ఏసినాం, అయినా పడిపోనాడు. అందరం నవ్వినాం."

"మరి ఆ మాట ఎందుకన్నావు?"

"కడుపుమంట. మేవు బస్తాలు మోస్తంటే అది మేడలో కూకునుండీది. ఓ పాలి అన్నాను. అన్నాక జనం వొదల్లేదు."

ఆయన చెప్పింది రాసుకుని, చదివి వినిపించి, వేలిముద్ర వేయించుకున్నాను. నా పని అయిపోయింది. పైడమ్మ పని కాలేదు. "ఇక్కడ సెప్తే సాలదు మావా. కుళాయి కాడ సెప్పు" అంది. నాకు కోపం వచ్చింది, ఎనభై ఏళ్ళవాణ్ణి ఎండలో ఎక్కడికి తిప్పుతుందని. సన్యాసి మాత్రం చొక్కా తొడుక్కుని మాతో పడవ ఎక్కాడు. సాయంత్రం నీళ్ళ వేళకి బోటాటౌంగ్ కుళాయి దగ్గర, బిందెలు పట్టుకుని నిలబడ్డ ఆడవాళ్ళందరి ముందూ, కర్ర మీద ఆనుకుని పందిరి రాటల నుంచీ పుస్తె దాకా మొత్తం చెప్పాడు. కుళాయి కింద బిందె నిండి పొర్లిపోతూ ఉంటే ఒకావిడ, "ముందు నువ్వు పట్టుకో పైడమ్మక్కా" అని జరిగింది.

తర్వాతి వారం స్టీమరు ఎక్కేటప్పుడు పైడమ్మ, అప్పలస్వామి రేవుకి వచ్చారు. దారికని అటుకులు, బెల్లం మూట కట్టి ఇచ్చింది. మెట్టు మీద కాలు పెట్టబోతూ ఉండగా, "బాబూ, నా గురించి అడిగిందన్నారు గదా మా నాయనమ్మ, ఆవిడ పేరేటి?" అంది. ఆ పటం ముందు ఎన్నో సాయంత్రాలు కూర్చున్నాను, పోయినవాళ్ళ ఉద్యోగాలన్నీ అప్పజెప్పగలను. ఆ ఒక్క పేరూ గుర్తు రాలేదు. నకలు చూద్దామంటే పెట్టె అప్పటికే ఓడలో ఉంది. తెల్లమొహం వేసి, రాసి పంపిస్తానని చెప్పి ఎక్కేశాను. నాలుగు రోజులూ అదే గుచ్చుకుంది.

మిస్ వెదర్లీ అంతా విని, కళ్ళద్దాలు తుడుచుకుని, కుర్చీ ఎక్కబోతే నేను పట్టుకున్నాను. చాకుతో పటం మీద "అవివాహితుడు" అన్న మాట గీకేసింది. ఆ చోట తన చేత్తో "భార్య సూరమ్మ, భీమునిపట్నం గురయ్య కూతురు" అనీ, కిందికి గీత గీసి పైడమ్మ, అప్పలస్వామి పేర్లూ రాసింది. పుస్తకం వాళ్ళకీ అలాగే పంపింది. వాళ్ళ జవాబు వచ్చేసరికి వేసవి అయింది. చర్చి రికార్డు లేనిదే భార్య పేరు వేయలేమట, ఈమె పోరగా పోరగా "అవివాహితుడు" అన్న మాట మాత్రం తీసేస్తామన్నారు. ఆమెకి చాలా అవమానం అనిపించింది. ఆ సంగతి, నాయనమ్మ పేరు, పటం కొత్త నకలు కలిపి నేనే రంగూన్‌కి పంపాను. అప్పలస్వామి జవాబు రాశాడు. "అచ్చులో అబద్ధం తీసేశారు, అది చాలు, నిజం ఇక్కడ అందరికీ తెలిసిందిలే అని మా అమ్మ చెప్పమంది. ఈ కార్తీకంలో షార్లెట్ నాయనమ్మకి కూడా ఒక విస్తరి వేస్తుందట. ఆవిడకి ఏ కూర ఇష్టమో కనుక్కుని రాయమంటోంది."

ఆ ఉత్తరం చదివి వినిపిస్తే మిస్ వెదర్లీ లేచి పటం దగ్గరికి వెళ్ళి, షార్లెట్ అన్న పేరు మీద వేలు పెట్టింది. వాళ్ళు పోయినవాళ్ళ పేర్లని గోడకి వేలాడదీసుకుంటారు, మనం ఏడాదికొకసారి అన్నం పెట్టి పిలుస్తాం అని అంతకుముందు అనుకునేవాణ్ణి. ఇప్పుడు ఆ తేడా నాకు అంత పెద్దదిగా కనిపించడం లేదు. మా ఆవిడ అడిగిన ప్రశ్నకి కూడా జవాబు దొరికింది, బోటాటౌంగ్ కుళాయి దగ్గర. రంగూన్‌లో ఎవరి వంశమైనా వెతకడానికి వెళ్ళేవారికి నేను చెప్పేది ఒక్కటే. అడగాల్సిన పేర్లతో పాటు చెప్పాల్సిన పేర్లు కూడా రాసుకుని జేబులో పెట్టుకెళ్ళండి, అక్కడివాళ్ళు కూడా మనవాళ్ళ గురించి అడుగుతారు. "బఠాణీల పులుసు, మిరియం లేకుండా" అంది మిస్ వెదర్లీ చివరికి, నేను రాసుకున్నాను.